ఫ్యాను తిరుగుతోంది, బొమ్మ రావడం లేదు

ఫ్యాను తిరుగుతోంది, ముందున్న లైటు వెలుగుతోంది, లోపల గుయ్యిమని సన్నగా మోత కూడా వస్తోంది, అంటే కరెంటు అందుతోంది, అంటే పూర్తిగా పోలేదు, మరి తెర మీద ఆ నీలం పెట్టె మాత్రం ఈ మూల నుంచి ఆ మూలకి తేలుకుంటూ నో సిగ్నల్, నో సిగ్నల్ అని ఒకటే గోల, కాసేపటికి అదీ అలిసిపోయి తెరంతా నల్లగా అయిపోయింది, ఆ నలుపులో నా మొహం కనపడింది, నా మొహం వెనక మంచం మీద కూర్చున్న అమ్మ కనపడింది. గంజి పెట్టిన నేత చీర, బిగించి వేసుకున్న జడ, ఒళ్ళో రెండు చేతులు. నాలుగింటికి అమ్మకి ఇంటర్వ్యూ. రాహుకాలం ఇప్పుడే వదిలింది, అంటే మూడు దాటింది. ఆన్‌లైన్‌లో పిల్లలకి లెక్కలు చెప్పే బెంగళూరు కంపెనీ ఏదో, తెలుగులో చెప్పేవాళ్ళు కావాలన్నారు, అమ్మ ఎమ్మెస్సీ మ్యాథ్స్, చదివింది ఇక్కడే తిరుపతి యూనివర్సిటీలో, చదువు అయిన నెలకే పెళ్ళి, తర్వాత నేను, తర్వాత మా వీధి పిల్లలందరికీ వరండాలో చాప మీద ట్యూషన్, అంతే, ఇంటర్వ్యూ అనే మాట మా ఇంట్లో అమ్మ పక్కన నిలబడటం ఇదే మొదటిసారి. కంప్యూటర్ ఉండాలి, ఫోన్ పనికిరాదు, తెర పంచుకుని దాని మీద రాస్తూ చెప్పాలి అని వాళ్ళ రూలు. కంప్యూటర్ ఉంది. ఫ్యాను తిరుగుతోంది. బొమ్మ రావడం లేదు.

సరే శ్రీవేదా, కంగారు పడకు, ఆలోచించు, మొన్నటిదాకా బాగా పనిచేసిన యంత్రం ఇవాళ ఎందుకు పనిచేయడం లేదు, మొన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారింది, మారింది ఒక్కటే, మధ్యలో నేను చెయ్యి పెట్టాను. ఎందుకు పెట్టాను? ఆదివారం అమ్మ ట్రయల్ చేసుకుంటుంటే కెమెరా పెట్టి, తెర పంచి, రాసే బోర్డు తెరిచేసరికి మొత్తం బిగుసుకుపోయింది, అమ్మ నోరు సగం తెరుచుకున్న చోటే బొమ్మ ఆగిపోయింది. ర్యామ్ చాలడం లేదన్నమాట. ర్యామ్ అంటే పెద్ద విషయమేం కాదు, జానెడు పచ్చ పట్టీ, కింది అంచున బంగారు రంగు పళ్ళు వరసగా, వంటింట్లో గట్టు ఎలాంటిదో కంప్యూటర్‌కి అది అలాంటిది, గట్టు చిన్నదైతే కూరగాయలు తరిగే చోట గిన్నె పెట్టడానికి ఉండదు, అందుకని ఇంకో పట్టీ తెప్పించాను, పాతదాని పక్కన కొత్తది గుచ్చితే గట్టు రెండింతలు, నేను వీడియోల్లో వందసార్లు చూసిన పని. చేసిన రోజే తప్పు. తప్పు అనాలో ఏమనాలో, నిన్న మహానవమి పొద్దున చేశాను. ఆ రోజు మా ఇంట్లో హయగ్రీవుడి పటం ముందు పుస్తకాలూ, పనిముట్లూ, అవ్వ పూలు కోసే కత్తెర కూడా పూజలో పెడతారు, కంప్యూటర్‌ని ఎలాగూ విప్పి దుమ్ము దులపాలి కదా, ఆ చేత్తోనే ర్యామ్ కూడా వేసేద్దామనుకున్నాను. వేశాను, మూత బిగించాను, పెట్టె మీద అవ్వ తిరునామం దిద్దింది, దీపం వెలిగింది. ఇంక అంతే, పూజలో పెట్టినదాన్ని దశమినాడు కదిలించేదాకా ముట్టుకోకూడదు. లోకంలో ఎవరైనా లోపల చెయ్యి పెట్టాక ఒకసారి ఆన్ చేసి చూసుకుంటారు, బతికుందా లేదా అని, మా ఇంట్లో మాత్రం బతికుందో లేదో తెలియకుండానే దానికి దండం పెట్టాం, ఒక రాత్రంతా. ఇవాళ నాయన గుడి డ్యూటీ నుంచి వచ్చి హారతి ఇస్తేగానీ కదిలించకూడదన్నారు, నాయన వచ్చేసరికి రాహుకాలం పట్టుకుంది, రాహుకాలంలో ఎట్లా కదిలిస్తారే అంది అవ్వ, అది పోయేదాకా ఆగి హారతిచ్చి నాయన మళ్ళీ డ్యూటీకి పరిగెత్తాడు, నేను బటన్ నొక్కాను.

"ఏమే, పలుకుతాండాదా అది?" పూజగది గుమ్మంలోంచి అవ్వ.

"పలకలేదవ్వా. సూస్తాండా కదా."

"బాగుండే దాన్ని యాల కెలకల్ల? పెరుమాళ్ళా, మంచిరోజని ఈ పొద్దు పెట్టుకునింది పాపం మీ అమ్మ."

అమ్మ ఏదో ఒకటి అనాలి కదా, అంటే బాగుంటుంది, ఎందుకే నీకు ఈ పనులు అని ఒక్క అరుపు అరిస్తే నేను తిరిగి అరిచి పని చేసుకుంటాను, ఇలా ఒళ్ళో చేతులు పెట్టుకుని చూస్తూ ఉంటే వీపంతా చూపు పాకినట్టు ఉంది. ప్లగ్ పీకాను. మూత విప్పాను. లోపల చిన్న ఊరులా ఉంటుంది నాకెప్పుడూ, విమానంలోంచి చూస్తే తిరుపతి ఇలాగే ఉంటుందేమో, పచ్చ నేల మీద దారులు, గుండ్రటి ట్యాంకులు, మధ్యలో ఫ్యాను గోపురం, చిన్నప్పుడు టార్చిలైటు విప్పినప్పటి నుంచీ నాకు ఇదే పిచ్చి, దేనికైనా స్క్రూ కనిపిస్తే అది నన్ను పిలుస్తున్నట్టే ఉంటుంది, కుక్కర్ విజిల్ విప్పాను, మిక్సీ విప్పాను, ఏడో తరగతిలో పులికాట్‌కి తీసుకెళ్తే సరస్సు మధ్యలో పడవ మోటారు ఆగిపోయింది, పిల్లలందరూ గోవిందా గోవిందా అని ఏడుస్తుంటే నేను మాత్రం పడవ వెనక చివరికి పాకి మోటారులోకి తొంగి చూస్తున్నానని టీచరు చెవి మెలిపెట్టింది, కానీ ఆ నిశ్శబ్దం నాకు ఇంకా గుర్తే, మోత ఆగిపోయాక నీళ్ళు పడవని తాకే చప్పుడు, ఎందుకు ఆగిపోయింది అనే ప్రశ్న ఎంత బాగుంటుందో, ఎదురుగా అమ్మ కూర్చుని లేకపోతే ఇప్పుడు కూడా ఎంత బాగుండేదో.

మునిశేఖర్‌కి ఫోన్ చేశాను. నా క్లాస్‌మేట్, వాడి దగ్గర ల్యాప్‌టాప్ ఉంది, కానీ వాడూ ల్యాప్‌టాపూ కలిసి శ్రీకాళహస్తి బస్సులో ఉన్నారు, పండక్కి మేనత్త ఇంటికి. హారన్ల మధ్యలో వాడి గొంతు.

"ఏం కెలికినావే?"

"ర్యామ్ వేసినాన్రా. ఫ్యాను తిరుగుతాండాది, బొమ్మ రాలే."

"బీప్ వచ్చిందా?"

"రాలే."

"యాడ కూర్చోని వేసినావు? కింద గుడ్డేమైనా పరిచినావా? చేతికి స్టాటిక్ లేకుండా సూసుకున్నావా?"

అప్పుడు గుర్తొచ్చింది. "పట్టు పావడా కట్టుకోనుండా. నవమి కదా, మా అవ్వ మడి అనింది."

"పట్టు పావడాతో ర్యామ్ పట్టుకున్నావా?" బస్సంతా వినిపించేలా నవ్వాడు. "ఓ ఇంజనీరమ్మా, ఆ పావడాకే నామం పెట్టి పూజ చేసుకో ఇంక. మదర్‌బోర్డు పోయినట్టే—" అని సిగ్నల్ పోయింది వాడికి కూడా.

పట్టు. ఇంటర్‌లో ఫిజిక్స్ ల్యాబ్, గాజు కడ్డీని పట్టుగుడ్డతో రుద్ది కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరొచ్చి అతుక్కునేవి, అదెంత మాయగా ఉండేదో, ఇప్పుడు ఆ కడ్డీ నేనే, పావడా మడతలు రుద్దుకుంటూ మఠం వేసుకుని కూర్చుని, వేలి కొస నుంచి కంటికి కనపడని చిన్న పిడుగు ర్యామ్‌లోకి, బోర్డులోకి, అమ్మ ఉద్యోగంలోకి. నిజంగా అలా అయ్యుంటే అవ్వకి ఎలా చెప్పాలి, మడి కట్టుకోమన్నది అవ్వ, అమ్మ ఇంటర్వ్యూ అనగానే పండగ పూట ఇంటర్వ్యూ ఏందే అని గొణిగినా పొద్దున్నే అమ్మ కోసం రెండో ఒత్తి వేసింది కూడా అవ్వే, నీ వల్లే పోయింది అని ఆమెతో నేననలేను. కానీ ఆగు, ఆగు, ఆ కాగితం ముక్కల ప్రయోగం వానాకాలంలో ఎప్పుడూ కుదిరేది కాదు, గాలిలో తేమ ఉంటే అంటదు అని మేడమ్ ఎండలు వచ్చేదాకా ఆపేది, నిన్న నవమినాడు పొద్దున కూడా జల్లు పడింది, ఆరేసిన బట్టలు ఆరలేదు, అప్పడాలు మెత్తబడ్డాయి అని అవ్వ సణిగింది, అప్పడాలు మెత్తబడే రోజున పిడుగు ఎక్కడిది? అయితే పట్టు కాదేమో. కాకపోతే ఇంకేమిటి? ఒక్కొక్కటే తీసెయ్యాలి, ఏది తీస్తే మారుతుందో చూడాలి.

కొత్త పట్టీ తీసేశాను, పాతది ఒక్కటే ఉంచి ప్లగ్ పెట్టి నొక్కాను. ఫ్యాను. నలుపు. ప్లగ్ పీకి పాతదాన్ని పక్క గాడిలోకి మార్చాను. ఫ్యాను. నలుపు. మానిటర్ వైరు రెండు కొసలూ పీకి గుచ్చాను, బోర్డు మీద బొత్తామంత బ్యాటరీ తీసి, ఎంతసేపు ఆగాలో, ఎంత వరకు లెక్కపెట్టాలో తెలియక ఊరికే పెదాలు కదిపి మళ్ళీ పెట్టాను, నొక్కాను, ఫ్యాను, నలుపు, ఫ్యాను ఎందుకంత ఉత్సాహంగా తిరుగుతుందో దానికే తెలియాలి. పాత పట్టీ మూడేళ్ళుగా పనిచేస్తున్నది కదా, కొత్తది చెడ్డదైతే పాతదాంతో అయినా లేవాలి కదా, లేవలేదంటే బోర్డే పోయిందా, రెండు పట్టీలూ ఒకేసారి పోయాయా?

"పోనీలే వేదా." అమ్మ మంచం మీంచి. "వాళ్ళకి ఫోన్ చేసి చెప్పేస్తా. ఇంకోసారి చూద్దాం."

చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది, తిరిగి చూశాను. పోనీలే అనే మాట అమ్మ చాలా నున్నగా అంది, అలవాటైన గడప దాటినట్టు. నాకు అప్పుడు కంప్యూటర్ కంటే పెద్ద అనుమానం వచ్చింది, ఆ మొహంలో ఉన్నది దిగులా, లేక బతికిపోయాననే నెమ్మదా? రెండూ ఒకేలా ఉంటాయా మనుషుల్లో? వారం రోజులుగా అద్దం ముందు నిలబడి గుడ్ ఆఫ్టర్నూన్, మై నేమ్ ఈజ్ వకుళ అని మెల్లగా అనుకునేది, నేను గదిలోకి రాగానే దువ్వెన పట్టుకునేది, వరండాలో మాత్రం గణగణమని బడి గంటలా ఉంటుంది గొంతు, రెండిళ్ళ అవతల సందులో సైకిల్ తొక్కే పిల్లాడికి కూడా ఎక్కాలు వచ్చేస్తాయి, ఆ గొంతు ఇంగ్లీషులోకి దిగగానే ఎందుకు చిన్నదైపోతుంది? ఇప్పుడు ఇది లేవకపోతే అమ్మ ఫోన్ చేసి సారీ చెప్తుంది, వాళ్ళు ఓకే మ్యామ్ అంటారు, సాయంత్రం వరండాలో చాప పరుచుకుంటుంది, ఆ తర్వాత ఎవరైనా అడిగితే అప్పుడు కంప్యూటర్ చెడిపోయింది అని చెప్తుంది, నిజమే చెప్తుంది, నా చేత్తో నేనే ఆమెకి ఒక మంచి సాకు తయారుచేసి పెట్టినట్టు అవుతుంది. నాకది వద్దు. వెళ్ళి భయపడి ఓడిపోతే ఓడిపోనీ, కానీ ఈ పెట్టె సాకుతో కాదు.

"ఫోన్ చేస్తే ఊరుకోను," అన్నాను. "టైముండాది ఇంకా."

"అరవద్దే," అంది అమ్మ. ఫోన్ మాత్రం ఒళ్ళోనే పెట్టుకుంది.

అన్నీ తీసేస్తే? ఇంతవరకు ఏదో ఒక పట్టీ పెట్టే చూశాను, అసలేమీ లేకుండా చూడలేదు. రెండు పట్టీలూ పీకి పక్కన పెట్టాను, ఖాళీ గాడులు, నొక్కాను. ఫ్యాను తిరిగింది, ఒక క్షణం, తర్వాత పీఈఈప్ అని చెవులు చిల్లులు పడేలా కూత, ఆగి మళ్ళీ పీఈఈప్, అవ్వ పూజగదిలోంచి ఏమైంది ఏమైంది అని లేచి వచ్చేసింది, నేను మాత్రం నేల మీదే ఎగిరి గంతేశాను. ఏడుస్తోంది! పట్టీ లేదు, పట్టీ లేదు అని ఏడుస్తోంది, ఏడవడానికి బుర్ర కావాలి కదా, బుర్ర ఉంది, బోర్డు బాగుంది, ప్రాసెసర్ బాగుంది, పిడుగూ లేదు పాడూ లేదు, లేకపోతే లేదని గుర్తుపడుతోంది, పెడితే మాత్రం మూగబోతోంది, అంటే ఏదో ఉందని దానికి తెలుస్తోంది కానీ దాంతో మాట కలవడం లేదు. అయితే లోపం పట్టీల్లోనే. ఒకటి పాతది, ఒకటి కొత్తది, రెండూ ఒకేసారి చెడ్డాయి, రెండింటికీ కలిసి జరిగినదేమిటి? రెండూ కలిసి ఎక్కడున్నాయి? ప్లగ్ పీకి రెండింటినీ పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాను. వెలుగులో అంచు తిప్పి చూశాను. బంగారు పళ్ళ మీద, సరిగ్గా మధ్యలో, ఎండిపోయిన పొర, లేత పసుపు, గుండ్రంగా, వేలికొసంత. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చందనం.

ఇత్తడి పళ్ళెం. నవమి పొద్దున దుమ్ము దులిపేటప్పుడు పాత పట్టీ, కొత్త పట్టీ రెండూ పళ్ళెంలో పెట్టి పటం ముందు ఉంచాను, అమ్మ గంధం గిన్నెతో వచ్చింది, ఇందులో ఏవి నా ఇంటర్వ్యూవి అని అడిగింది, అలాగే అడిగింది, నేను ఈ రెండూ అని చూపించి బ్రష్ కోసం వెళ్ళాను. వచ్చి చూస్తే రెండింటికీ బొట్లు, వెడల్పు వైపు కనపడిన కుంకుమ పావడా అంచుతో తుడిచేసి గాడిలో గుచ్చేశాను, అంచు తిప్పి చూడలేదు. సానరాయి మీద నీళ్ళతో తీసిన చందనం, ఎండితే గోడకి వేసిన సున్నంలా పట్టేస్తుంది. అయితే తడిగా ఉన్నప్పుడే, అదే రోజు నేను ఆత్రంగా బటన్ నొక్కి ఉంటే? తడి చందనంలోంచి కరెంటు ఈ పంటి నుంచి ఆ పంటికి దూకి, రెండు పట్టీలూ నిజంగానే కాలిపోయేవేమో, ఏమో కాదు, చాలా వరకు కాలిపోయేవి. కదిలించేదాకా ముట్టుకోకూడదు అన్నందుకే ఆరింది. చూసుకోవడానికి వీల్లేకుండా చేసింది ఆ రూలే, కాలిపోకుండా ఆపిందీ ఆ రూలే, ఈ రెండూ ఒకే తలలో ఎలా పెట్టుకోవాలో తర్వాత ఆలోచిస్తాను, ఇప్పుడు రబ్బరు కావాలి.

ట్యూషన్ పిల్లలు మర్చిపోయిన రబ్బర్లు డబ్బా నిండా ఉంటాయి మా ఇంట్లో, ఒకటి తీసుకుని పళ్ళ మీద మెల్లగా, ఒకే వైపుకి, పెన్సిల్ గీత చెరిపినట్టు రుద్దాను, పసుపు పొడి రాలింది, కింద బంగారం మెరిసింది, ఇటు, అటు, రెండోది, మెత్తటి గుడ్డతో ఒకసారి, ఊది ఒకసారి, గాడిలో పెట్టి రెండు కొసలూ సమంగా నొక్కితే టిక్, టిక్. ప్లగ్. బటన్ మీద వేలు పెట్టి అమ్మ వైపు చూడలేదు. నొక్కాను. ఫ్యాను. నలుపు. నలుపు. తర్వాత చిన్నగా, పొట్టిగా, గొంతు సవరించుకున్నట్టు ఒక్క బీప్, తెర మీద బొమ్మ.

"వచ్చినాదా?" అవ్వ.

"వచ్చినాదవ్వా!"

అమ్మ లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచి కుర్చీలోకి వచ్చింది. మొహం పాలిపోయింది, ఇప్పుడు తప్పించుకునే దారి లేదు కదా. నేను చకచకా కెమెరా, రాసే బోర్డు, అన్నీ తెరుస్తున్నాను, ఏదీ బిగుసుకోవడం లేదు, గట్టు పెద్దదైంది.

"ఏమైనాదే దానికి?" అంది, సన్నగా.

చెప్పాలా? చెప్తే, ఇంకో రెండు నిమిషాల్లో వాళ్ళు పిలవబోతుంటే, తన వేలి వల్లే అని తెలిస్తే ఈ గొంతు ఇంకా చిన్నదైపోతుందేమో, చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది, ఎందుకో తెలుసుకుని కూడా చెప్పకుండా ఉండటం నాకు ఈ జన్మలో రాలేదు.

"నువ్వు బొట్టు పెట్టినావు. బంగారం మాదిరి ఉండేచోట."

అమ్మ నా వైపు చూసింది. రబ్బరు వైపు చూసింది, దాని మీది పసుపు వైపు చూసింది. "మెరుస్తా ఉండాది కదా అని ఆడనే పెట్టినా," అంది నెమ్మదిగా. "మంచిగా కనపడుతుందని."

"ఎవురికి కనపడల్ల అమ్మా, లోపల?"

"హయగ్రీవుడికే!" అంది అవ్వ వెనక నుంచి, కోపంగా.

అమ్మకి ముందు భుజాలు కదిలాయి. తర్వాత ముక్కులోంచి వచ్చింది, తర్వాత ఆపుకోలేక పైట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేలా, కుర్చీ కిర్రుమనేలా నవ్వింది, వాళ్ళు పిలిచిన చప్పుడు అయింది, నేను ఆన్సర్ నొక్కేశాను, ఆ నవ్వు ఇంకా పూర్తిగా పోకముందే అమ్మ మొహం తెర మీదకి వెళ్ళిపోయింది. నేను బల్ల కిందకి దూకి, మూత పెట్టని పెట్టెని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను, ఏ వైరూ కదలకుండా.

"గుడ్ ఆఫ్టర్నూన్ మ్యామ్. గదిలో మీతో ఎవరైనా ఉన్నారా?" మగ గొంతు.

"మా అమ్మాయి ఉందండీ, బల్ల కింద," అంది అమ్మ. అబద్ధం చెప్పొచ్చు కదా! "కంప్యూటర్ పట్టుకుని ఉంది. బయటికి పంపిస్తాను."

పాక్కుంటూ బయటికి వచ్చాను, తలుపు మూశాను, ఇంక అటువైపు ఏం జరుగుతోందో నాకు తెలియదు, పెట్టె మూత తెరిచే ఉంది, పిల్లి వస్తే, కరెంటు పోతే, అమ్మ ఆగిపోతే, తలుపుకి చెవి ఆనించాను, నా కింద అవ్వ కూడా ఆనించింది. ముందంతా ఇంగ్లీషు, సన్నగా, అందకుండా. తర్వాత నిశ్శబ్దం, చాలాసేపు. పోయిందేమో, మళ్ళీ బిగుసుకుందేమో, ఆగిపోయింది యంత్రమా, లేక అమ్మా? తర్వాత ఒక్కసారిగా తలుపు ఇవతలికి గణగణమని వచ్చింది.

"ఊహూ, తొందరపడకు. కొట్టెయ్యొద్దు, ఉండనీ. ఇంతవరకు ఏం చేసినావో నాకు చెప్పు, యాడ దారి తప్పిందో ఇద్దరం చూద్దాం."

"సరే మిస్," అంది మగ గొంతు.

అవ్వ నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఎవురే ఆ పిల్లోడు? గొంతు అంత లావుగా ఉండాది?"

"పిల్లోడు కాదవ్వా. ఇంటర్వ్యూ చేసేవాడే. ఎనిమిదో క్లాసు పిల్లోడి మాదిరి నటిస్తాండాడు, అమ్మ పాఠం ఎట్ల చెప్తాదో సూసేదానికి."

అవ్వ తలుపు నుంచి చెవి తీసింది. "అట్లయితే ఇంటర్వ్యూ ఎవురికి, మీ అమ్మకా, వానికా?"

లోపల వాడు మళ్ళీ ఏదో తప్పు చెప్పినట్టున్నాడు. అమ్మ ఊహూ అంది.